డిస్కు ఆపరేషన్ అయ్యాక: లోపల ఏది ఎప్పుడు మానుతుంది, బయట మీరేం చేయాలి

నడుము డిస్కు (పూసల మధ్య మెత్త) జారి, సయాటికా, అంటే నరం నొక్కుకుని వచ్చే నొప్పి, కాలిలోకి దిగి, చివరికి మైక్రోడిసెక్టమీ (చిన్న కోతతో జారిన ముక్కను తీసే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లలో చాలామందికి మత్తు దిగేసరికి కాలి నొప్పి పోతుంది. నెలల తరబడి నిద్రపోనివ్వని నొప్పి ఒక్క పూటలో మాయమైతే నయమైపోయిందనే అనిపిస్తుంది. తేడా కొట్టేది ఇక్కడే. పోయింది నరం మీది ఒత్తిడి మాత్రమే. డిస్కు మానడం అప్పుడే మొదలైంది. అది మానుతున్న సంగతి నొప్పి రూపంలో మీకు తెలియదు కాబట్టి, ఒంట్లో బాగుందన్న ధైర్యంతో మూడో వారంలోనో నాలుగో వారంలోనో నీళ్ల టిన్ను ఎత్తి మళ్లీ ఆసుపత్రికి వచ్చేవాళ్లు ఉంటారు. దీనికి పూర్తిగా ఎదురు రకం కూడా ఉంది: భయంతో మూడు నెలలు మంచం దిగకుండా కండరాలన్నీ పోగొట్టుకునేవాళ్లు. ఈ రెండింటికీ మధ్య ఎలా నడవాలో చెప్పడానికే ఈ వ్యాసం. మీ సర్జన్ ప్రత్యేకంగా చెప్పిన జాగ్రత్తలు ఏవైనా ఉంటే, ముఖ్యంగా స్క్రూలు, రాడ్లు వేసిన ఆపరేషన్ అయితే, ఇక్కడి గడువులు మీకు వర్తించవు. ఆయన మాటే చెల్లుతుంది.

ఏం తీశారు, ఏం మిగిల్చారు

నడుములో ఎక్కువగా జారేవి అన్నిటికంటే కింద ఉన్న రెండు డిస్కులు: ఎల్‌4–ఎల్‌5, ఎల్‌5–ఎస్‌1 (ఎల్ అంటే నడుము పూస, ఎస్ అంటే దాని కింది త్రికాస్థి). డిస్కుకు బయట పొరలు పొరలుగా గట్టి పీచు వలయం, లోపల నీరు పట్టిన గుజ్జు ఉంటాయి. వలయం వెనుకవైపు చిరిగి, గుజ్జు బయటికొచ్చి నరం వేరును నొక్కుతుంది. సర్జన్ 2 నుంచి 4 సెంటీమీటర్ల కోత పెట్టి, వెన్నును ఆనుకుని ఉన్న కండరాన్ని పక్కకు జరుపుతారు. పూస వెనుక ఎముకను కొద్దిగా తొలిచి, పూసలను వెనక కలిపే పసుపు రంగు లిగమెంటును (పట్టీలాంటి కణజాలాన్ని) తెరిచి, నరాన్ని నెమ్మదిగా తప్పించి, బయటికొచ్చిన ముక్కనూ లోపల వదులుగా ఉన్న గుజ్జునూ తీసేస్తారు. తీసేది మామూలుగా కొద్ది గ్రాములే. మిగతా డిస్కు ఎక్కడిదక్కడే ఉంటుంది.

సైకిలు ట్యూబుకు పంక్చరు వేసినట్టు ఆ చిరుగుకు అతుకు వేస్తారని చాలామంది అనుకుంటారు. మామూలు మైక్రోడిసెక్టమీలో వేయరు, కుట్టరు. అది తనంతట తానే పల్చటి పీచుతో మూసుకోవాలి. ఆపరేషన్ అయినవాళ్లలో వందకు 5 నుంచి 15 మందికి అదే చోట మళ్లీ డిస్కు జారడానికి మూలం ఇదే.

డిశ్చార్జి కాకముందే సర్జన్‌ని మూడు విషయాలు అడిగి రాసి పెట్టుకోండి. ఏ లెవెల్ (ఏ రెండు పూసల మధ్య), ఏ వైపు చేశారు? వలయంలో రంధ్రం ఎంత ఉంది? నరాల మీది పొర ఎక్కడైనా చిరిగిందా? రంధ్రం 6 మిల్లీమీటర్లు దాటితే మళ్లీ జారే అవకాశం బాగా ఎక్కువని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ సర్జన్ యూజీన్ కరాగీ బృందం 2003లో చూపించింది. చిన్న చీలిక ఉన్నవాళ్లూ పెద్ద రంధ్రం ఉన్నవాళ్లూ ఒకే రకం జాగ్రత్తలు పాటించాల్సిన పని లేదు. పొర చిరిగి కుట్టు వేసి ఉంటే మాత్రం మొదటి రోజుల్లో ఎప్పుడు లేవాలి, ఎంతసేపు కూర్చోవాలి అన్నది వాళ్లు చెప్పినట్టే చేయాలి.

ఒక్కో కణజాలానిది ఒక్కో గడువు

చర్మం 10 నుంచి 14 రోజుల్లో మూసుకుంటుంది. అందరూ చూసేది దాన్నే కాబట్టి ‘కుట్లు తీశారు, ఇక పర్లేదు’ అనుకుంటారు. నిజానికి అన్నిటికంటే త్వరగా మానేది, అన్నిటికంటే తక్కువ పట్టించుకోవాల్సినదీ అదే.

కండరం సంగతి వేరు. వెన్నుపూసలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే లోతైన కండరం పేరు మల్టిఫిడస్. డిస్కు నొప్పి మొదలైన కొన్నాళ్లకే అది ఆ వైపున సన్నబడటం మొదలవుతుంది. ఆపరేషన్‌లో పక్కకు లాగి పట్టుకున్నంతసేపూ దానికి రక్తం సరిగా అందదు. దానికి వెళ్లే సన్నటి నరపు కొమ్మ దెబ్బతినవచ్చు కూడా. అప్పుడు కండరం ఉండాల్సిన చోట కొవ్వు చేరుతుంది. నొప్పి తగ్గినంత మాత్రాన ఈ కండరం తిరిగి పెరగదు, దాన్ని పనిగట్టుకుని పని చేయించాలి. డిస్కు ఆపరేషన్ తర్వాత కణజాలాల క్షీణతలో మన చేతుల్లో ఉన్న పెద్ద భాగం ఇదే.

డిస్కు వలయానికి రక్తనాళాలు బయటి పొరల్లోనే ఉంటాయి. లోపలి భాగానికి పూసల ఎముక నుంచి పోషకాలు ఊరి చేరాలి. రక్తం లేని చోట మానుడు నెమ్మదిగా ఉంటుంది. చిరుగు మీద పీచు పొర ఏర్పడటానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఏర్పడ్డాక కూడా మునుపటి బలం రాదు. గుజ్జు కొంత పోయింది కాబట్టి డిస్కు ఎత్తు తగ్గుతుంది, ఆ మేరకు వెనకాల ఉన్న చిన్న కీళ్ల మీద బరువు పెరుగుతుంది. కొందరికి కాలి నొప్పి పోయి, వెనక్కి వంగినప్పుడు, ఎక్కువసేపు నిలబడినప్పుడు నడుం నొప్పి మిగలడానికి ఒక కారణం ఇది.

నరం చుట్టూ మచ్చ కణజాలం తప్పకుండా ఏర్పడుతుంది. మొదటి మూడు నెలల్లో గట్టిపడుతుంది. మచ్చ ఉన్నవాళ్లందరికీ నొప్పి ఉండదు. నరం మాత్రం అందులో ఇరుక్కోకుండా కదులుతూ ఉండాలి. రోజంతా పడుకోవద్దని చెప్పడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

నరానిది అన్నిటికంటే పెద్ద గడువు. పైపైన నలిగిన నరం వారాల్లో కోలుకుంటుంది. లోపలి పోగులు తెగితే అవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరగాలి. నడుము నుంచి మోకాలి కింది కండరం దాకా అర మీటరు పైనే ఉంటుంది కాబట్టి లెక్క మీరే వేసుకోవచ్చు. తగ్గే వరుస కూడా తెలుసుకోండి: ముందు కాలి నొప్పి, తర్వాత బలహీనత, అన్నిటికంటే చివర మొద్దుబారడం. ఆరు వారాలకు పాదంలో తిమ్మిరి ఇంకా ఉంటే ఆపరేషన్ విఫలమైందని కాదు. చెప్పుల పట్టీ కింద చిన్న చోట మొద్దుబారడం కొందరికి ఎప్పటికీ మిగిలిపోతుంది. దానితో పనులేవీ ఆగవు.

మొదటి రెండు రోజులు

చాలా ఆసుపత్రుల్లో అదే రోజు సాయంత్రమో మర్నాడు పొద్దున్నో నడిపిస్తారు. లేవడం తెలిస్తే సగం నొప్పి ఉండదు. పడుకున్నవాడు పడుకున్నట్టే తల ఎత్తి లేచి కూర్చోవడం ఇకమీదట మానేయాలి. అది డిస్కును ముందుకు మడిచి, పొట్ట కండరాలతో గట్టిగా నొక్కే కదలిక. ఇలా లేవండి:

1. రెండు మోకాళ్లూ మడిచి పాదాలు పరుపు మీద ఆనించండి.
2. భుజాలు, నడుము, మోకాళ్లు ఒకేసారి కదిలేలా దుంగలా పక్కకు దొర్లండి. పైభాగం తిరిగి నడుము అక్కడే ఉండిపోతే మెలిక పడుతుంది.
3. మంచం అంచుకు జరిగి కాళ్లను కిందికి వదలండి. అదే క్షణంలో కింది మోచేయి, పై అరచేయి పరుపుకు నొక్కి లేవండి.
4. ఒక నిమిషం అలాగే కూర్చోండి. మత్తు, నొప్పి మందుల వల్ల రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు.
5. పాదాలను వెనక్కి లాక్కుని, తొడల బలంతో నిలబడండి.

పడుకునేటప్పుడు ఇదే వరుస తిరగేయాలి. నేల మీద పరుపు, నులక మంచం రెండూ పనికిరావు. ఒకదాని నుంచి లేవడం కష్టం, రెండోది నడుము దగ్గర కుంగుతుంది. మోకాలి ఎత్తు ఉన్న మంచం, మామూలు గట్టి పరుపు చాలు. చెక్క బల్ల మీదే పడుకోవాలన్న మాటలో పస లేదు. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు, పక్కకు తిరిగితే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి.

మూత్రం విషయంలో ఒక జాగ్రత్త. మత్తు వల్ల మొదటి రాత్రి మూత్రం ఆగడం, ముఖ్యంగా పెద్ద వయసు మగవాళ్లలో, మామూలే. అయినా 6–8 గంటలు గడిచినా రాకపోతే నర్సుకు చెప్పండి. దానితోపాటు మర్మాంగాల చుట్టూ, పిర్రల మధ్య స్పర్శ తెలియకపోతే అది వేరే సంగతి, ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

ఇంటికి దూర ప్రయాణం ఉంటుంది చాలామందికి. హైదరాబాదులోనో విశాఖలోనో చేయించుకుని జిల్లాకు వెళ్లేవాళ్లు కారు ముందు సీటును 120 డిగ్రీల దాకా వెనక్కి వాల్చి, నడుము వెనక చుట్టిన తువ్వాలు పెట్టుకుని, ప్రతి 45 నిమిషాలకు దిగి అయిదు నిమిషాలు నడవాలి. ఆర్టీసీ బస్సు తప్పకపోతే ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య ఉన్న సీటు చూసుకోండి. వెనుక సీటులో ప్రతి గుంతా నడుముకే తెలుస్తుంది. కాళ్లు కదపకుండా గంటల తరబడి కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది కాబట్టి కూర్చున్నప్పుడు పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి.

ఇంట్లో మొదటి రెండు వారాలు

గాయం పొడిగా ఉండాలి. వాటర్‌ప్రూఫ్ పట్టీ వేసి ఉంటే నిలబడి స్నానం చేయవచ్చు, లేకపోతే తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడమే. చెరువు, కాలువ, స్విమ్మింగ్ పూల్ కనీసం నాలుగు వారాలు వద్దు. పసుపు, వేపాకు ముద్ద, కొబ్బరి నూనె, ఏవీ గాయానికి తగలనివ్వకండి.

నడకే ఈ దశలో మందు. మొదటి వారం ఒకేసారి 5–10 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. ఇంట్లోనే, చదును నేల మీద. రోజూ ఒకటి రెండు నిమిషాలు పెంచుకుంటూ పోయి, నాలుగో వారానికి అరగంట చొప్పున రెండు పూటలా నడవగలిగితే సరైన దారిలో ఉన్నట్టే. నడిచాక నడుము కొంచెం బరువెక్కి గంటలో సర్దుకుంటే ఫర్వాలేదు. కాలిలోకి నొప్పి దిగి మర్నాటికీ తగ్గకపోతే నిన్నటి నడక ఎక్కువైందన్నమాట. ఒక మెట్టు వెనక్కి తగ్గండి, ఆపేయకండి.

నేల మీద బాసింపట్టు, గొంతుకూర్చోవడం ఆరు వారాల దాకా వద్దు. ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ లేకపోతే ఇండియన్ బేసిన్ మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది, దాన్ని ఆపరేషన్‌కు ముందే తెచ్చి పెట్టుకోవడం నయం. పూజ, నమాజు కుర్చీలో కూర్చునే చేయండి. సాష్టాంగాలు మూడు నెలల దాకా ఆపండి.

మలబద్ధకం చిన్న సంగతిగా కనిపిస్తుంది కానీ మొదటి వారంలో ఎక్కువ బాధపెట్టేది అదే. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులు పేగు కదలికను తగ్గిస్తాయి. ముక్కినప్పుడు డిస్కులోనూ నరాల పొరలోనూ ఒత్తిడి పెరుగుతుంది. ఆ మందు మొదలైన రోజు నుంచే రాత్రి ఒక చెంచా ఇసబ్గోల్‌ను పెద్ద గ్లాసు నీళ్లతో తీసుకోండి, నీళ్లు తక్కువైతే అదే అడ్డుపడుతుంది. రెండు రోజులు గడిచినా కదలిక లేకపోతే విరేచనం మందు అడగండి.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే వాస్తుంది, వంకాయ తింటే దురద అని పెట్టే నిషేధాల వల్ల మన ఇళ్లల్లో రోగి రెండు వారాలు చారన్నం, ఇడ్లీలతో గడిపేస్తాడు. చీము బాక్టీరియా వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. గాయం మానడానికీ కండరం నిలబడటానికీ కావలసింది ప్రోటీనే. మూత్రపిండాల జబ్బు లేకపోతే కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు కావాలి. గుడ్డుకు 6 గ్రాములు, వండిన కోడిమాంసం 100 గ్రాములకు సుమారు 25, కప్పు గట్టి పప్పుకు 7 దాకా వస్తాయి. షుగర్ ఉన్నవాళ్లకు తిండి కంటే రక్తంలో చక్కెర అదుపు ముఖ్యం. అది పెరిగితే గాయం మానదు, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, నరం కోలుకోదు.

మందుల్లో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ లాంటి నరాల మందులను నొప్పి తగ్గిందని ఒక్కసారిగా మానేయడం ఒకటి. వాటిని వారం పైనే సమయం తీసుకుని, డాక్టర్ చెప్పిన లెక్కలో తగ్గించాలి. రెండోది, నొప్పి వచ్చినప్పుడల్లా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం. అందులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మందుతోపాటు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉంటే జ్వరం, వాపు అణిగిపోయి, లోపల ఇన్‌ఫెక్షన్ మొదలైనా బయటపడదు, పైగా చక్కెర పెరుగుతుంది. పారాసిటమాల్ ఎన్ని పేర్లతో వాడినా రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు, చిన్న ఒళ్లు ఉన్నవాళ్లకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ.

నడుం బెల్టు ప్రయాణంలో, మొదటి రెండు మూడు వారాల్లో ధైర్యానికి పెట్టుకోవచ్చు. అది డిస్కును కాపాడదు. నెలల తరబడి వదలకపోతే కండరం చేయాల్సిన పని అది చేస్తుంది.

రెండో వారం నుంచి ఆరో వారం దాకా

అసలు జాగ్రత్త ఇప్పుడు కావాలి. ఎందుకో అంకెల్లో చూడండి. జర్మనీలోని ఉల్మ్‌లో హాన్స్ యోఆకిమ్ విల్కే బృందం ఒక వలంటీరు నడుము డిస్కులోకే ప్రెషర్ సెన్సర్ పెట్టి 1999లో కొలతలు ప్రచురించింది. పడుకున్నప్పుడు 0.1 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం), నిలబడితే 0.5. 20 కిలోల బరువును నడుము వంచి ఎత్తితే 2.3. అదే బరువును మోకాళ్లు మడిచి ఎత్తితే 1.7. ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1. కొలిచింది ఒక్క మనిషిలోనే అయినా ఏ కదలిక ఎంత భారమో పోల్చి చూసుకోవడానికి ఇవి పనికొస్తాయి.

20 కిలోలంటే ఏదో జిమ్ బరువు కాదు, 20 లీటర్ల నీళ్ల టిన్ను. డిస్పెన్సర్ మీదికి దాన్ని తిప్పి పెట్టడంలో వంగడం, ఎత్తడం, మెలి తిరగడం మూడూ ఉన్నాయి. నిండు గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 కిలోల దగ్గర. బియ్యం సంచి 25. ఇవి మూడూ మూడు నెలల దాకా మీవి కావని ఇంట్లో ముందే చెప్పేయండి. మొదటి రెండు వారాలు 2 కిలోలు, ఆరు వారాల దాకా 5 కిలోలు మించకుండా, అదీ ఒంటికి దగ్గరగా పట్టుకుని. పసిపిల్లలున్న తల్లులు బిడ్డను వంగి ఎత్తుకోవద్దు. కూర్చున్నాక ఎవరైనా ఒళ్లో పెట్టాలి.

కూర్చోవడం గురించి మాత్రం లోకంలో భయం ఎక్కువ. విల్కే కొలతల్లో కూర్చున్నప్పటి ఒత్తిడి నిలబడినప్పటి కంటే ఎక్కువ లేదు. ఇబ్బంది ఒత్తిడి అంకెతో కాదు. నడుము గుండ్రంగా వంచి గంటసేపు కదలకుండా ఉంటే గుజ్జు వెనక్కి, ఆ మానని చిరుగు వైపు నెట్టుకొస్తుంది. 20–30 నిమిషాలకు లేచి రెండు నిమిషాలు తిరిగితే చాలు. సోఫా కంటే చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ మేలు.

పొద్దున్న లేచిన మొదటి గంట ప్రత్యేకం. రాత్రంతా బరువు లేక డిస్కు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది. అప్పుడు వంగితే వలయం మీద లాగుడు ఎక్కువ. కళ్లాపి చల్లడం, ముగ్గు వేయడం, పొట్టి చీపురుతో ఊడవడం, కింద కుళాయి దగ్గర వంగి మొహం కడగడం, అన్నీ ఆ గంటలోనే వస్తాయి. ధనుర్మాసమైనా సరే ముగ్గు ఇంకొకరికి అప్పగించండి. చీపురుకు పొడుగు కర్ర కట్టించండి. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు నిటారుగా నిలబడి, ఒక చెయ్యి గోడకు ఆనించి, పొట్ట బిగించి తుమ్మండి. ఒక్క తుమ్ముకే మళ్లీ జారినవాళ్లున్నారు.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి. రంధ్రం సంగతి చూపించిన ఆ స్టాన్‌ఫర్డ్ సర్జన్ కరాగీయే 1990లలో తన రోగులకు ఏ నిషేధమూ పెట్టకుండా, వీలైనంత త్వరగా పనికి వెళ్లమన్నారు. వాళ్లు సగటున రెండు వారాల లోపే పనిలో చేరారు, మళ్లీ జారడం పెరగలేదు. కాబట్టి బరువు, వంగడం, మెలి తిరగడం కలిసిన పనులకే ఈ ఆరు వారాల నిషేధం. నడక, మెట్లు, నిలబడి వంట, కుర్చీలో ఆఫీసు పని, వీటిని ఆపాల్సిన పని లేదు. భార్యాభర్తల కలయిక కూడా రెండు నుంచి నాలుగు వారాల తర్వాత, ఆపరేషన్ అయినవారు వెల్లకిలా మోకాళ్ల కింద దిండుతో ఉండి శ్రమ రెండోవారికి వదిలితే ఇబ్బంది ఉండదు. దీన్ని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

వ్యాయామం

మొదటి వారాల్లో పడుకుని చేసేవే: పాదాలు ఆడించడం, మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు మడవడం, శ్వాస వదులుతూ బొడ్డు కింది భాగాన్ని కొద్దిగా లోపలికి లాగి 10 లెక్కపెట్టేదాకా పట్టుకోవడం. రెండో వారం నుంచి నరం ఇరుక్కోకుండా సాఫీగా కదిలేందుకు ఒకటి కలపండి. వెల్లకిలా పడుకుని తొడను నిటారుగా రెండు చేతులతో పట్టుకుని మోకాలిని మెల్లగా చాపి, లాగుడు మొదలవగానే మళ్లీ మడవాలి. పది సార్లు, రోజుకు మూడు పూటలు. చాపి పట్టి ఉంచకూడదు. నరాన్ని కండరంలా సాగదీస్తే రాత్రికి కాలు మండుతుంది.

నాలుగు నుంచి ఆరు వారాల మధ్య అసలు కార్యక్రమం మొదలవ్వాలి. ఆ సమయంలో వ్యాయామం మొదలుపెట్టినవాళ్లకు అసలు చేయనివాళ్లకంటే నొప్పి, ఇబ్బంది త్వరగా తగ్గాయని, దానివల్ల రెండో ఆపరేషన్లు పెరిగిన దాఖలా లేదని పరిశోధనలన్నీ కలిపి చూసిన 2014 కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే అంతర్జాతీయ సంస్థది) తేల్చింది. మల్టిఫిడస్‌కు పనికొచ్చేవి మూడు. పిర్రలు పైకెత్తే బ్రిడ్జ్: భుజం నుంచి మోకాలి దాకా ఒకే గీతలో 5–10 సెకన్లు, పది సార్లు. చేతులు, మోకాళ్ల మీద నిలబడి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం: నడుము మీద పెట్టిన నీళ్ల గ్లాసు ఒలకనంత నిలకడగా. మోకాళ్లు మడిచి పక్కవాటు ప్లాంక్, అంటే పక్కకు తిరిగి మోచేయి, మోకాళ్ల మీద ఒంటిని గీతలా పైకెత్తి ఉంచడం: 10 సెకన్లతో మొదలు. ఎక్కువ సార్లు చేయాలని రూపం చెడగొట్టుకోవడం ఇక్కడ మామూలు తప్పు. అలసట రాగానే నడుము కుంగుతుంది, పెద్ద కండరాలు పని లాక్కుంటాయి, మల్టిఫిడస్ నిద్రపోతుంది. తక్కువ సేపు, ఎక్కువ విడతలు మంచిది.

మూడు నెలల దాకా వద్దన్నవి: సిట్‌అప్‌లు, రెండు కాళ్లూ ఒకేసారి ఎత్తడం, పశ్చిమోత్తానాసనం, హలాసనం, సూర్య నమస్కారాల్లో ముందుకు వంగే భంగిమలు. నడుం తొక్కించుకోవడం, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకోవడం, కట్టు కట్టేవాళ్లతో లాగించుకోవడం ఈ మూడు నెలలకే కాదు, ఇక ఎప్పటికీ వద్దు.

నరం కోలుకుంటోందో లేదో వారానికొకసారి ఇంట్లోనే చూసుకోవచ్చు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద మునివేళ్లపై పది సార్లు లేవండి, రెండో కాలితో పోల్చండి. తక్కువైతే ఎస్‌1 నరం వెనకబడి ఉంది. మడమల మీద నడవండి, బొటనవేలు పైకెత్తి దాని మీద ఎదుటివాళ్లను వేలితో నొక్కమనండి. అది పడిపోతే ఎల్‌5. పాదం పైకి లేవక వేలాడి చెప్పు ఊడిపోతుంటే పాదాన్ని నిలబెట్టే పట్టీ వాడండి, గడపలు తట్టుకుని పడితే మొదటికొస్తుంది. మొద్దుబారిన పాదానికి వేడి నీళ్లు పోసేముందు చేత్తో చూసుకోండి, షుగర్ ఉన్నవాళ్లు అరికాలు రోజూ అద్దంలో చూడాలి.

పనికి ఎప్పుడు

కుర్చీ పని 2 నుంచి 4 వారాలకు, మొదట సగం పూట. కారు నడపడం మత్తెక్కించే మందులు ఆపాక, బ్రేకును ఒక్కసారిగా గట్టిగా తొక్కగలిగినప్పుడు. టూవీలర్ ఆరు వారాలకు ముందు వద్దు. వెనక కూర్చోవడం ఇంకా చెడ్డది, గుంత వచ్చేది ముందుగా కనపడదు. హమాలీ పని, తాపీ పని, లారీ డ్రైవింగ్‌కు కనీసం 12 వారాలు. వరి నాట్లు, కలుపు, పత్తి తీత పని చేసేవాళ్లకు అసలు సమస్య బరువు కాదు, గంటల తరబడి వంగి ఉండటం. ఆ సీజన్‌ను వదిలేయగలిగితే మంచిది. కుదరకపోతే పొడుగు పిడి పనిముట్లు, పావుగంటకోసారి లేచి నిలబడటం, పొద్దున్న మొదటి గంట వంగని పని ఎంచుకోవడం.

నొప్పి మళ్లీ వస్తే

మూడు వారాల లోపు కాలిలో అక్కడక్కడ గుచ్చినట్టు, మెరుపులా వచ్చిపోయే నొప్పి నరం వాపు తగ్గుతున్న క్రమంలో మామూలే. పూర్తిగా తగ్గిన కాలి నొప్పి ఒక ఎత్తుడుతోనో తుమ్ముతోనో పాత దారిలోనే తిరిగొచ్చి, వారం దాటినా తగ్గకపోతే మళ్లీ జారి ఉండవచ్చు. అలా జారిన వాళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, మొదటిసారిలాగే కొంతమందికి మందులతో, సమయంతో తగ్గుతుంది.

వీటికి మాత్రం రాత్రి అని చూడకుండా వెళ్లండి: మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం, పాదం కొత్తగా పైకి లేవక వేలాడటం. గాయం నుంచి నీళ్లలాంటి ద్రవం కారుతూ, కూర్చుంటే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గితే నరాల పొర కారుతోంది. పిక్క వాచి నొప్పి పెడితే, ఆయాసం వస్తే రక్తం గడ్డ. ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య, బాగున్న నడుములో మంచం మీద కదిలినా ఓర్చుకోలేని నొప్పి మొదలైతే, జ్వరం లేకపోయినా సరే, డిస్కు ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడటానికి సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ అనే రక్త పరీక్షలు చేయించాలి. సీఆర్‌పీ మామూలుగా రెండు వారాల్లో దిగిపోవాలి, దిగినది మళ్లీ ఎక్కితే అనుమానించాలి.

ఇలాంటి ప్రమాద సూచనలు లేనప్పుడు, మొదటి ఆరు వారాల్లో ‘ఎలా ఉందో చూద్దాం’ అని ఎంఆర్‌ఐ తీయించకండి. వాపు, రక్తం, కొత్త మచ్చ కలిసి అచ్చం డిస్కు మళ్లీ జారినట్టే కనిపిస్తాయి, నొప్పి లేనివాళ్లలో కూడా. తర్వాత అవసరమైతే గాడోలినియం కాంట్రాస్ట్‌తో, అంటే నరంలోకి రంగులాంటి మందు ఎక్కించి, తీస్తారు. మచ్చ ఆ మందును పీల్చుకుంటుంది, జారిన ముక్క మధ్యలో పీల్చుకోదు. కాంట్రాస్ట్ ఇచ్చేముందు మూత్రపిండాల జబ్బు ఉంటే చెప్పాలి.

రిపోర్టులో ‘డీజెనరేషన్’ (క్షీణత), ‘డెసికేషన్’ (డిస్కు ఎండటం), ‘మోడిక్ మార్పులు’ (డిస్కు పక్క ఎముకలో మార్పులు) అని రాస్తే డిస్కు మొత్తం అరిగిపోయిందని బెంబేలు పడనక్కర్లేదు. నడుం నొప్పి అసలే లేనివాళ్ల స్కాన్లను కలిపి చూసిన 2015 సమీక్షలో, 20 ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కు క్షీణత కనిపించింది. ఎండిన డిస్కును నీరు పట్టించే మాత్ర, నూనె, ఇంజెక్షన్ ఏదీ లేదు. వేగం తగ్గించేవి ఉన్నాయి. పొగ మానడం వాటిలో మొదటిది, నికోటిన్ పూసల్లోని సన్నటి రక్తనాళాలను బిగించి డిస్కుకు అందే కాస్త తిండినీ తగ్గిస్తుంది. గుట్కా, ఖైనీలోనూ ఉన్నది అదే నికోటిన్. బరువు తగ్గడం, పైన చెప్పిన మూడు వ్యాయామాలను వారానికి మూడు నాలుగు రోజులు కొనసాగించడం మిగతావి.

ఆపరేషన్‌కు ముందు తీసిన ఎంఆర్‌ఐ ఫిల్ములు, సీడీ, డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు నకలు ఒక కవరులో పెట్టి ఉంచండి. అయిదేళ్ల తర్వాత వేరే ఊళ్లో వేరే డాక్టర్ ముందు కూర్చోవాల్సి వస్తే, కొత్త స్కాన్‌లో కనిపించేది పాత మచ్చో కొత్త ముక్కో చెప్పడానికి ఆయనకు కావలసింది ఆ కవరే.